బ్యాడ్మింటన్ డబుల్స్‌కి తల బరువు రాకెట్టా, తేలికదా?

మూడు నాలుగు వేలలో డబుల్స్ రాకెట్ కావాలంటే యోనెక్స్ కంపెనీలోనే రెండు దారులున్నాయి. ఆస్ట్రాక్స్ వరుసకి తల బరువు. వెనక కోర్టు నుంచి స్మాష్ కొడితే ఆ బరువే షటిల్‌ని దింపుతుంది. కానీ నెట్ దగ్గర ఎదురు డ్రైవ్ (నెట్ మీదుగా అడ్డంగా దూసుకొచ్చే షాట్) వస్తే, రాకెట్ లేచేసరికి షటిల్ మన మీద పడిపోతుంది.

రెండోది నానోఫ్లేర్ వరుస, దీని తల తేలిక. డిఫెన్స్‌లో, సర్వీస్ అందుకోవడంలో మణికట్టు మాట ఇట్టే వింటుంది. స్మాష్ బలం పోతుందన్న భయం వద్దు: 2023లో మన డబుల్స్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ గంటకు 565 కిలోమీటర్ల గిన్నిస్ రికార్డు స్మాష్ కొట్టింది నానోఫ్లేర్‌తోనే (అది ఖరీదైన మోడల్ అనుకోండి).

గచ్చిబౌలిలో ఆఫీసు ముగించుకుని రాత్రి కోర్టుకెళ్లే మన భుజాలకి రెండోదే మేలు. 4యూ, అంటే 80 నుంచి 84 గ్రాములది తీసుకోండి. మిగిలిన డబ్బుతో మంచి గట్ (రాకెట్ తీగ) వేయించి, ఫ్రేమ్ మీద రాసున్న బిగింపు పరిమితి దాటకుండా 23, 24 పౌండ్లకు బిగించమనండి.