జైలు నుంచి వచ్చిన మాజీ సైనికుడికి ఏ గూడు మేలు: సొంతిల్లా, అద్దె గదా, షెల్టరా?

శ్రీకాకుళం జిల్లా అంపోలు జైలు నుంచి బెయిలు మీద బయటికొచ్చే మాజీ సైనికుడిని అందరూ అడిగేది అడ్రసే. అది తేలకపోతే పూచీ పడేవాళ్లు వెనకాడతారు. రేపు నేరం రుజువై ప్రొబేషన్ (జైలుకు పంపకుండా మంచి నడవడి షరతు మీద వదలడం) అడగాలన్నా, 1958 నాటి ప్రొబేషన్ చట్టం 4వ సెక్షన్ కింద అతనికో, అతని జామీనుదారుకో స్థిరమైన నివాసమో, నిలకడైన పనో ఉందని కోర్టు నమ్మాలి.

సొంతిల్లు ఖర్చు లేనిదే. కానీ ముందు బెయిలు ఆర్డరు చదవాలి. భార్య గృహహింస కేసు వేసి ఉంటే, 2005 చట్టం 19వ సెక్షన్ కింద ఇల్లు ఖాళీ చేయమని ఆర్డరు ఉండొచ్చు. దాన్ని మీరితే ఏడాది వరకు జైలు, 20,000 వరకు జరిమానా, లేదా రెండూ. గట్టు తగాదా కేసైతే సాక్షులు ఆ వీధిలోనే ఉంటారు. టీకొట్టు దగ్గర ఒక్క మాట జారినా బెయిలు రద్దు పిటిషన్ పడుతుంది. అలాంటప్పుడు వేరే ఊళ్లో అక్క ఇల్లే నయం. అయితే మిలటరీ క్యాంటీన్ కోటా మందు సీసాలు ఆ ఇంట్లో ఉంటే, మందు మానాల్సినవాడికి అదీ పనికిరాదు.

పింఛను వస్తున్నవాడికి మా ఓటు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కోర్టుకు దగ్గరగా అద్దె గదికే. ఇక్కడ దెబ్బతీసేది లైఫ్ సర్టిఫికెట్, అంటే బతికే ఉన్నానని పింఛనుదారు ఏటా ఇచ్చే ధ్రువపత్రం. లోపలున్న నెలల్లో దాని గడువు దాటితే పింఛను ఆగుతుంది, రెండో నెల అద్దెకే చేతులెత్తేయాలి. అడ్వాన్సు ఇచ్చేముందే సైనిక పింఛన్ల వెబ్‌సైటు స్పర్శ్‌లో చూసుకోవాలి. అగ్రిమెంటు 11 నెలలకే రాయించుకున్నా ఆంధ్రలో రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే. కేసు సంగతి ఇంటాయనకు ముందే చెప్పాలి. “మిలటరీ ఆయన” అని మురిసి గది ఇచ్చినవాడే, కానిస్టేబుల్ వాకబుకు వస్తే మర్నాడు ఖాళీ చేయమంటాడు. అడ్రసు మారిందని స్టేషన్లో నోటితో చెప్తే చాలదు, వకీలు ద్వారా కోర్టులో మెమో (రాతపూర్వకంగా తెలిపే కాగితం) వేయాలి. లేకపోతే సమన్లు పాత ఇంటికి పోతాయి, వాయిదా తప్పుతుంది, వారంటు వస్తుంది.

మునిసిపల్ షెల్టర్ నాలుగు రాత్రులకు సరే. జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ పెట్టిన లెక్కలో మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటే. పింఛను ఆర్డరు, సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్కు మాత్రం అక్కడ పెట్టుకోకూడదు. బుక్కు పోతే నకలు కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా సైన్యం రికార్డు ఆఫీసుకు రాయాలి, అది తేలేసరికి నెలలు గడుస్తాయి.

వకీలుకు డబ్బు లేదని ఆగనక్కర్లేదు. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కు ఇంటివాళ్లు ఫోన్ చేసినా చాలు. విడుదలకు ముందే చేస్తే అడ్రసు మెమో అప్పుడే సిద్ధమవుతుంది.