ఆట సినిమా కావడం మేలా, సినిమా ఆట కావడం మేలా?

నల్లగొండలో ఆదివారాలు కొంతమంది పిల్లలకు కంప్యూటర్ ఆటల తయారీ నేర్పుతుంటాను. ప్రాజెక్టు వేళ దగ్గరపడగానే ప్రతి ఏడూ ఒకే ప్రశ్న ఎదురవుతుంది: "సార్, నచ్చిన ఆటను చిన్న సినిమాగా తీయాలా, నచ్చిన సినిమాను ఆటగా చేయాలా?" ఇన్నాళ్లూ అడిగినవాళ్లకు అడిగినట్టు చెబుతూ వచ్చాను. ఈసారి కుదురుగా రాస్తున్నాను.

ఇప్పుడు గాలి మొదటి దారివైపే వీస్తోంది. 1993లో మారియో ఆటను సినిమాగా తీస్తే జనం తిప్పికొట్టారు. అదే మారియో 2023లో యానిమేషన్‌గా వచ్చి 130 కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది. అదే ఏడాది 'ది లాస్ట్ ఆఫ్ అస్' సీరియల్ వచ్చింది. 2013 నాటి ఆటను రాసిన నీల్ డ్రక్‌మన్ ఈ సీరియల్ తయారీలోనూ కూర్చున్నాడు. దాని మూడో ఎపిసోడ్ చూసినవాళ్లకు నేను చెప్పబోయేది వెంటనే తెలుస్తుంది. ఆటలో ఫ్రాంక్ అనే మనిషి మనకు శవంగా, ఒక ఉత్తరంగా మాత్రమే కనిపిస్తాడు. అక్కడ మనం దాక్కుంటూ, కాల్చుకుంటూ ఊరు దాటాలి, మిగతా సంగతులకు తీరిక ఉండదు. సీరియల్‌లో మన చేతికి పని లేదు. ఆ ఖాళీలో ఫ్రాంక్, అతని తోడు బిల్ కలిసి బతికిన ఏళ్లన్నీ నింపారు. 2024లో వచ్చిన 'ఫాలౌట్' సీరియల్ ఆటలోని లోకాన్ని మాత్రమే తీసుకుని, కొత్త మనుషులతో కొత్త కథ అల్లుకుంది.

నా దృష్టిలో తేల్చేది ఈ చేతి సంగతే. ఆటలో గోడ మీంచి పడేది నేను, లేచి మళ్లీ ఎక్కేది నేను. అది సినిమాగా మారగానే ఆ పని నా చేతిలోంచి జారిపోతుంది. పోయినదానికి బదులు ఏదో ఒకటి ఇవ్వాలి. ఇచ్చినవి నిలబడ్డాయి. ఇవ్వకుండా ఆటలోని దూకుళ్లు, కొట్లాటలు వరసగా చూపించినవి మాత్రం పక్కవాడు ఆడుతుంటే చూస్తూ కూర్చున్నట్టే ఉంటాయి. ఎంత బాగా తీసినా ఈ దారి మొదలయ్యేది ఒక నష్టంతోనే.

సినిమా ఆటగా మారితే లెక్క తిరగబడుతుంది. లేని చేయి వచ్చి చేరుతుంది. అందుకే నా మొగ్గు ఇటువైపు.

ఈ దారిలో చెత్త ఎక్కువన్న మాట నిజమే. 1982 క్రిస్మస్ అమ్మకాలకు అందించాలని 'ఇ.టి.' సినిమా మీద ఆటను హోవర్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామర్ చేత దాదాపు ఐదు వారాల్లో చేయించారు. అమ్ముడుపోని క్యాసెట్లను న్యూ మెక్సికోలో గొయ్యి తీసి పూడ్చారు, 2014లో తవ్వితే బయటపడ్డాయి. అక్కడ లోపం తొందరది. 'గోల్డెన్ ఐ' సినిమా 1995లో వస్తే, ఆట 1997లో వచ్చింది. ఆ రెండేళ్ల ఓపిక వల్ల ఒకే టీవీ ముందు నలుగురు కూర్చుని ఆడుకునే ఆట తయారైంది. 2004 నాటి 'స్పైడర్ మ్యాన్ 2' ఆటలో సాలెదారం నిజంగా ఒక భవనానికి అంటుకోవాలి. ఎదురుగా భవనం లేకపోతే దారం లేదు. సినిమా చూస్తూ మనసులో ఊగినవాళ్లందరూ ఆ ఆటలో చేత్తో ఊగారు.

దగ్గరగా చూసినది ఒకటి చెబుతాను. మిర్యాలగూడలో మా అక్క కొడుకు 'ఏలియన్: ఐసొలేషన్' ఆడుతున్నాడు. 1979 నాటి సినిమా ఆధారంగా 2014లో వచ్చిన ఆట అది. కథ మాత్రం సినిమాది కాదు, నాయిక కూతురిది. అందులో వెంటాడే గ్రహాంతర జంతువును చంపడం మన వల్ల కాదు, దాక్కోవాలి. మావాడు ఇనుప బీరువాలో నక్కాడు. బయట అడుగుల చప్పుడు. వాడు నిజంగానే ఊపిరి బిగపట్టాడు, మౌసు పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. అన్నానికి పిలవడానికి వచ్చిన అక్క వాడి వెనకే నిలబడిపోయి, గొంతు తగ్గించి "తలుపు తీయకురా" అంది. ఆ సినిమా వాళ్లింట్లో వేసిన రోజు ఆమె మధ్యలో మూడుసార్లు లేచి వంటింట్లోకి వెళ్లింది.

మన 'బాహుబలి'కీ 2017లో ఫోను ఆట వచ్చింది. మాహిష్మతిని కట్టుకోవాలి, సైన్యాన్ని పెంచుకోవాలి. అలాంటి కోటలు కట్టే ఆటలు అప్పటికే బోలెడు ఉన్నాయి. సినిమా చూసి బయటికి వచ్చినప్పుడు నాకు కోట కట్టాలనిపించలేదు, శివుడిలా జారుతూ, పడుతూ ఆ జలపాతం ఎక్కాలనిపించింది. సినిమాలోంచి తీసుకోవలసింది పేరునూ కథనూ కాదు, చూసినవాడి చేతులు దురదపెట్టిన ఆ ఒక్క పనిని.

రిమోట్‌తో మలుపులు ఎంచుకునే సినిమాలు కూడా ఉన్నాయి. ఒకసారి సరదా, అంతే. ఆటల మీద వచ్చే నవలలు అభిమానులకు సరిపోతాయి.

చేతిలో రెండు వారాలే ఉంటే, ఫోను, నలుగురు స్నేహితులు ఉంటే ఆటను చిన్న సినిమాగా తీయండి, తప్పులేదు. మూడు నెలలుంటే సినిమాను ఆటగా చేయండి, అదీ ఒక్క సన్నివేశాన్నే. తరగతి దాటి అమ్మాలనుకుంటే హక్కులున్నవారి అనుమతి తప్పనిసరి.

ఈ ఏడు ఇద్దరు అమ్మాయిలు 1957 నాటి 'మాయాబజార్' నుంచి ఘటోత్కచుడి విందు తీసుకున్నారు. మొదటిసారి చూపించినప్పుడు లడ్డూలు సినిమాలో లాగే వాటంతట అవే ఎగిరి నోట్లోకి పోయాయి. చూడముచ్చటగానే ఉంది, కానీ నాకు చేయడానికేమీ లేదు. ప్రతి లడ్డూనూ ఆడేవాడి వేలే ఎగరేయాలని, తిన్నకొద్దీ ఘటోత్కచుడు పెరగాలని, గురి తప్పితే మళ్లీ మామూలు సైజుకు రావాలని చెప్పాను. మొన్న ఆదివారం మార్చి తెచ్చారు. పదకొండో లడ్డూ దగ్గర నా వేలు ఒక్క క్షణం ఆలస్యమైంది. పందిరంత పెరిగినవాడు చిన్నబోయి పళ్లెం ముందు కూర్చున్నాడు. ఇద్దరికీ సమయం మించిపోతున్నా, లేవకుండా మళ్లీ మొదటి లడ్డూ నుంచి మొదలుపెట్టాను.