మాహూర్‌లో ఒక రాత్రి నిద్ర చేయండి

నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు నుంచి మహారాష్ట్రలోని మాహూర్ వెళ్లేవాళ్లు చాలామంది పొద్దున జీపు మాట్లాడుకొని, రేణుకామాతకు దండం పెట్టుకొని, చీకటి పడేలోపు ఇల్లు చేరతారు. నా మాట వింటే అలా చేయకండి. మాహూర్ దారిలోని కిన్వట్‌లో ఉండే మా మేనత్త బయల్దేరేముందే చెప్పింది: "గుట్టెక్కి దిగితే అయిపోతదా బిడ్డా? దత్తాత్రేయుడే నిద్రకు అక్కడికి వస్తడట. మనం ఒక్క రాత్రన్న నిద్ర చెయ్యొద్దా?" స్వామికి స్నానం కాశీలో, భిక్ష కొల్హాపూర్‌లో, నిద్ర మాహూర్‌లో అని నమ్మకం.

ముద్ఖేడ్–ఆదిలాబాద్ రైలు మార్గంలో కిన్వట్ స్టేషన్ ఉంది. తిరుపతి నుంచి ఆదిలాబాద్ వెళ్లే కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఇటుగానే పోతుంది. అక్కడి నుంచి మాహూర్‌కు రోడ్డు మీద సుమారు 50 కిలోమీటర్లు. ఎస్టీ బస్సులు, అంటే మహారాష్ట్ర ప్రభుత్వ బస్సులు ఉన్నాయి. కిన్వట్ బజారులో తెలుగుతో నెట్టుకురావచ్చు, మాహూర్‌లో మాత్రం మరాఠీ గానీ హిందీ గానీ కావాలి. దారి పొడవునా టేకు అడవి, వానాకాలం చివర్లో చూడాలి దాన్ని.

మహారాష్ట్రలో మూడున్నర శక్తిపీఠాలంటారు. కొల్హాపూర్ మహాలక్ష్మి, తుళజాపూర్ భవాని, మాహూర్ రేణుక, సగం పీఠంగా సప్తశృంగి. రేణుకమ్మ గుడికి రెండు వందల పైచిలుకు మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పొద్దున్నే, ఎండ ఎక్కకముందే తీసుకెళ్లండి. గర్భగుడిలో నిలువెత్తు విగ్రహం కోసం వెతకొద్దు. సింధూరం పూసిన పెద్ద ముఖం ఒక్కటే ఉంటుంది. జమదగ్నికి ఇక్కడే అంత్యక్రియలు జరిగాయని, రేణుక సహగమనం చేసిందని స్థలపురాణం. తల్లి కోసం ఏడుస్తున్న పరశురాముడికి, వెనక్కి చూడకు, అమ్మ భూమిలోంచి వస్తుందని మాట వినిపించిందట. ఆగలేక చూశాడు. అప్పటికి ముఖం వరకే పైకి వచ్చింది. మన ఊళ్లలో బైండ్లవాళ్లు జమిడిక వాయిస్తూ చెప్పే రేణుకా ఎల్లమ్మ కథలో కొడుకు గొడ్డలికి తెగిన తల వేరు, ఇక్కడి కథ వేరు. కానీ ఆ ముఖం ముందు నిలబడ్డప్పుడు మా అత్తకు ఆ తేడా ఏమీ లేదు. "ఎల్లమ్మ తల్లీ" అంటూ కళ్లు తుడుచుకుంది. నాకూ గొంతు పట్టేసింది. ప్రసాదంగా దంచిన తాంబూలం చేతిలో పెడతారు. నైవేద్యం పూరన్ పోళీ, మన పోలెలే.

దత్త శిఖరం, అనసూయ గుడి వేరే గుట్టల మీద ఉన్నాయి. ఆటో లేదా జీపు ముందే ధర మాట్లాడుకోండి. మూడు గుట్టలకూ కలిపి అడిగితే తక్కువ పడుతుంది. దత్త శిఖరం మీద గాలి, కింద కనిపించే అడవి చూస్తూ గంటసేపు కూర్చోవచ్చు. సాయంత్రానికి ఊరి దగ్గర దేవదేవేశ్వర్ గుడికి వెళ్లండి. కృష్ణుణ్ణీ దత్తాత్రేయుణ్ణీ కొలిచే మహానుభావ పంథావాళ్లకు అది స్వామి నిద్రించే స్థలం. జనం తక్కువ, ప్రశాంతం.

బస విషయం. మొదట దిగిన ఓ ప్రైవేటు లాడ్జిలో వేడినీళ్లు ఉన్నాయన్నారు, పొద్దున అడిగితే బకెట్ కూడా దొరకలేదు, పరుపులు చెమ్మగా ఉన్నాయి. తర్వాత మారిన ధర్మశాలలో ఉన్నది చాప, దుప్పటి, ఊడ్చిన గది. అయినా దానికే నా ఓటు. భోజనం జొన్న భాక్రీ (రొట్టె), ఝుణ్కా (శనగపిండి కూర), ఠేచా (దంచిన మిరపకాయల పచ్చడి). పిల్లలకు ఠేచా కారం పడదు, పెరుగు అడిగి పెట్టించుకోండి.

నవరాత్రుల్లోనూ దత్త జయంతికీ కొండ కిక్కిరిసిపోతుంది. ముసలివాళ్లతో అయితే ఆ రోజులు వద్దు. కోట, పాండవ లేణి గుహలు చూడాలంటే మరో పూట పెట్టుకోవాలి. వానలు పడ్డ ఏడాది తిరుగు దారిలో పెన్‌గంగ మీది సహస్రకుండ్ జలపాతం దగ్గర ఆగండి. నీళ్ల పోటు ఎక్కువ ఉన్నప్పుడు బండల మీదికి మాత్రం దిగొద్దు.