మూడేళ్ల పాపకి తెలుగు మాటలు: స్టోరీవీవర్ వాడి చూశాక

మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. ప్లేస్కూల్లో ఇంగ్లీషు, కింద ఆడుకునే పిల్లలతో కన్నడ, హిందీ. తెలుగు మాత్రం ఇంట్లోనే, అదీ రోజూ అవే నాలుగు ముక్కలు: అన్నం తిను, చెప్పులేసుకో, పడుకో. మూడేళ్లొచ్చినా పాప నోట తెలుగు మాటలు తక్కువని చాలా టెన్షన్ పడ్డాను. ముందు ఫ్లాష్ కార్డులు కొన్నాను, డబ్బు దండగ. కార్డు చూపిస్తే "ఏనుగు" అంటుంది, అక్కడితో సరి.

తర్వాత స్టోరీవీవర్ మొదలుపెట్టాం. మన బెంగళూరులోనే ఉన్న ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టిన సైటు ఇది, తెలుగు బొమ్మల కథలు బోలెడు, పైసా కట్టక్కర్లేదు, డౌన్‌లోడ్ చేసుకుని ప్రింట్ కూడా తీసుకోవచ్చు. చిన్న పిల్లలకైతే ఒకటో లెవెల్ చూడండి. నేను ప్రింట్ తీసే చదువుతాను, ఫోన్లో అయితే పాప బొమ్మ మీద వేలు పెట్టగానే పేజీ జారిపోతోంది.

అయితే గబగబా చదివేసి మూసేస్తే పెద్దగా లాభం లేదు. మధ్యలో ప్రశ్నలడగాలి, పిల్లలన్న మాటకి ఇంకో రెండు మాటలు కలిపి తిరిగి చెప్పాలి. ఇలా చదివితే పిల్లల మాటలు బాగా పెరుగుతాయని అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే పరిశోధకుడి బృందం 1988లోనే చూపించింది. మొన్న పాప "కుక్క" అంటే, "అవును, తడిసిన కుక్క ఒళ్లు దులుపుకుంటోంది" అన్నాను. నిన్న స్నానమయ్యాక తువ్వాలులోంచి తల బయటపెట్టి, "అమ్మా, నేనూ దులుపుకుంటున్నా" అంది! ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

రోజూ ఒకే కథ అడిగితే విసుక్కోకండి, మళ్లీ మళ్లీ వింటేనే కొత్త మాట నోటికొస్తుంది. ఇంట్లో ప్రింటర్ లేకపోతే జిరాక్స్ షాపులో తీయించుకోండి, కలర్‌లోనే.