ఓపెన్‌ఎల్‌పీ సమీక్ష: శనివారం రాత్రి మిగులుతుందా?

చర్చిలో పాటల మాటలు తెర మీద వేసే సాఫ్ట్‌వేర్ గురించి ఎవరైనా ముందు అడిగేవి రెండే: తెలుగు సరిగ్గా కనబడుతుందా, డబ్బులెంత? ఓపెన్‌ఎల్‌పీకి రెండు జవాబులూ తేలికే. కనబడుతుంది, ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. కానీ మడికొండ ఐటీ పార్కులో పనిచేసేవాళ్లకూ, వారమంతా హైదరాబాదులో ఉండి శుక్రవారం రాత్రి కాజీపేటలో రైలు దిగేవాళ్లకూ అసలు లెక్క వేరు. ఇది శనివారం ఎంతసేపు తింటుంది? ఆన్‌కాల్ (ఎప్పుడు పిలిచినా ఆఫీసు పనికి దిగాల్సిన వంతు) పడిన వారం ఇంకొకరి చేతిలో పెట్టొచ్చా? హనుమకొండలో ఒక మధ్యరకం సంఘంలో ఏళ్లుగా వాడిన మీదట ఆ రెండు ప్రశ్నల వైపు నుంచే ఈ సమీక్ష.

పవర్‌పాయింట్‌తో ఇబ్బంది పాటలు వేయడంలో లేదు, పాస్టరుగారు మధ్యలో ఇంకో పాట చెప్పినప్పుడు ఉంది. ఓపెన్‌ఎల్‌పీలో పాట ఒక్కసారి ఎక్కిస్తే గ్రంథాలయంలో ఉండిపోతుంది. పాటల పుస్తకం పేరు, అందులో నంబరు కూడా నమోదు చేసుకోవచ్చు కనుక, పీఠం మీద నుంచి నంబరు చెప్పగానే ఆ నంబరు కొట్టి తీయొచ్చు. తెలుగు టైపింగ్ రాని పిల్లలు కూర్చునే రోజులుంటాయి. అందుకని ప్రతి పాటకూ ‘ప్రత్యామ్నాయ శీర్షిక’ గడిలో మొదటి రెండు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి పెట్టాలి. పేరుతో వెతికితే అదీ దొరుకుతుంది. ఈ ఒక్క పని చేస్తే ఆపరేటర్లు ఇద్దరి నుంచి ఆరుగురవుతారు.

కష్టమంతా మొదటి రెండు మూడు నెలల్లో ఉంది. మన సంఘాల్లో ఉన్న పాటలు చాలామటుకు ప్రింటింగ్ ప్రెస్ నుంచి వచ్చిన పేజ్‌మేకర్ ఫైళ్లు, అను ఫాంట్లలో కొట్టినవి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటరులోనైనా ఒకేలా చదివే అక్షరాల ప్రమాణం) కావు. తెచ్చి అతికిస్తే తెర మీద పిచ్చిగీతలే వస్తాయి, ఫాంటు మార్చినా లాభం లేదు. కన్వర్టరులో వేసి యూనికోడ్‌కు మార్చాక కూడా పాట పాటా చదవాల్సిందే. రావత్తులు, జంట ఒత్తులు ఉన్న చోట్ల తప్పులు ఎక్కువ దొర్లుతాయి. పాటల పుస్తకం మొత్తం ఎక్కించాలని కూర్చుంటే పని ఎప్పటికీ తెమలదు. గత ఏడాది నిజంగా పాడిన పాటలు మాత్రమే ముందు ఎక్కించండి. ఏ సంఘమైనా తిప్పి తిప్పి పాడేది వందా నూటయాభై పాటలే.

చరణాలను ఒక్కొక్కటిగా చేర్చొద్దు. ‘ఎడిట్ ఆల్’ నొక్కి పాటంతా ఒకేసారి అతికించి, మధ్యలో విభాగాల గుర్తులు పెడితే చాలు. ఇక్కడ తెలుగు కీర్తనకు ఒక చిక్కుంది. ఇంగ్లిష్ పాటల్లో మామూలుగా ప్రతి చరణం తర్వాత కోరస్ మొత్తం వస్తుంది. మనవాళ్లు పల్లవి మొదట రెండుసార్లు పూర్తిగా పాడతారు, చరణం అయ్యాక మాత్రం మొదటి పాదమే అందుకుంటారు. అందుకని పల్లవిని సీ1గా, మొదటి పాదాన్ని విడిగా సీ2గా పెట్టి, వరుసను సీ1 వీ1 సీ2 వీ2 సీ2 అని రాసుకోవాలి (సీ అంటే కోరస్, వీ అంటే చరణం). అనుపల్లవి ఉంటే దాన్ని బ్రిడ్జిగా పెట్టొచ్చు. ఇది చేయకపోతే చరణం అయిన ప్రతిసారీ ఆపరేటరు ఒక స్లయిడు వెనక ఉంటాడు.

ఇక అక్షరాలు. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ చదవడానికి బాగానే ఉంటుంది, వెనక బెంచీలకు కాస్త సన్నం. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే వాటిలో మండలి, ఎన్టీఆర్ పాటలకు బాగున్నాయి. రామభద్ర లావు, శీర్షికలకే పనికొస్తుంది. థీమ్‌లో (స్లయిడు రూపం అమర్చుకునే చోట) అవుట్‌లైన్, అంటే అక్షరం చుట్టూ గీసే అంచు, ఆపేయండి. ఇంగ్లిష్ అక్షరాలకు అది అందమే గానీ, ‘ఘ’, ‘ఝ’, ‘ణ్ణ’ లాంటి వాటిలో సందులు పూడుకుపోయి నల్ల ముద్దలవుతాయి. దాని బదులు సన్నని నీడ చాలు. వరుసల మధ్య దూరం పెంచడం తప్పనిసరి: పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీదికి దిగుతాయి. ముదురు నీలం మీద తెలుపు, స్లయిడుకు నాలుగు వరుసలు, 60 పాయింట్ల దగ్గర మొదలుపెట్టి చివరి బెంచీ నుంచి చూసి సరిచేసుకోండి. వెనక కుర్చీల వాళ్లకు తెర కింది భాగం ముందువాళ్ల తలలతో పోతుంది కాబట్టి మాటలను పై మూడింట రెండు వంతుల్లోనే ఉంచాలి.

బైబిల్ విషయంలో తొందరపడొద్దు. అందరి చేతుల్లో ఉన్నది బైబిల్ సొసైటీ వారి పాత అనువాదం, దానికి హక్కులున్నాయి. స్వేచ్ఛగా వాడుకోగలిగేది క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉన్న 2019 నాటి ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ తెలుగు. ఓపెన్‌ఎల్‌పీ సీఎస్‌వీ, ఓఎస్‌ఐఎస్, జెఫానియా రూపాల్లో బైబిళ్లు తీసుకుంటుంది; సీఎస్‌వీ అయితే గ్రంథాల పేర్లకు ఒకటి, వచనాలకు ఒకటి, రెండు ఫైళ్లు కావాలి. సాంకేతికంగా గంట పని. అయితే తెర మీద ఒక మాట, చేతిలో ఇంకో మాట ఉంటే ఉత్తర ప్రత్యుత్తర పఠనంలో (ఒక వచనం నడిపించేవారు, తర్వాతిది సంఘం చదవడం) సంఘం రెండు గొంతులవుతుంది. పఠనానికి పుస్తకం, ప్రసంగంలో ఎత్తిచెప్పే వచనాలకు తెర అని విడదీసుకుంటే గొడవ లేదు.

వారం పని ఎలా సర్దుకోవాలన్నదే ఉద్యోగస్తులకు కీలకం. పాటల వరుస బుధవారం రాత్రికల్లా కావాలని పాస్టరుగారినీ గాయక బృందాన్నీ ఒప్పించాలి. గ్రంథాలయంలో ఉన్న పాటలే అయితే గురువారం అరగంటలో ఆరాధన క్రమం సిద్ధమవుతుంది. కొత్త పాట ఒక్కోదానికి ఇంకో పావుగంట. ఆ క్రమం ఓఎస్‌జెడ్ ఫైలుగా వస్తుంది. డ్రైవ్‌లో పెట్టి చర్చి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే చాలు. ఫాంటు మాత్రం ఆ ఫైలులో వెళ్లదు, రెండు మెషీన్లలోనూ ముందే ఉండాలి. పవర్‌పాయింట్ ఫైలు జోడిస్తే ఆ మెషీన్‌లో పవర్‌పాయింట్ గానీ లిబ్రే ఆఫీస్ గానీ ఉండాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో దీన్ని వేయొద్దు. ఉచితమైనా సరే, అనుమతి లేని సాఫ్ట్‌వేర్ అనుమతి లేనిదే.

ఆపరేటర్ల జాబితా ఆఫీసు ఆన్‌కాల్ రోస్టర్ వచ్చాకే వేయాలి, ముందు వేస్తే నెలలో రెండు మార్పులు ఖాయం. అమెరికా క్లయింటు ఉన్నవాళ్లు నవంబరు మొదటి ఆదివారం గుర్తుపెట్టుకోవాలి: అక్కడ గడియారం గంట వెనక్కి వెళ్తుంది, ఇక్కడి రాత్రి 8:30 కాల్ 9:30కి జరుగుతుంది, మార్చి రెండో ఆదివారం దాకా అంతే. సరిగ్గా క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలయ్యే కాలం. ప్రాక్టీసును ఏడింటికి పెట్టుకుంటే కాల్‌కు ముందు ఇంట్లో అందరితో కలిసి అన్నం తినొచ్చు. శనివారం సాయంత్రం ఇంటిది. దాన్ని ముట్టుకోకపోవడమే ఈ ఏర్పాటంతటి ఉద్దేశం. ఆదివారం పొద్దున మటన్ షాపు దగ్గర నిలబడి పాటల కోసం ఫోన్‌లో వెతికే పనీ ఉండదు.

ఆదివారం ప్రొజెక్టరు ముందు, ల్యాప్‌టాప్ తర్వాత, ఓపెన్‌ఎల్‌పీ చివర తెరవాలి. విండోస్‌లో డిస్‌ప్లే ‘ఎక్స్‌టెండ్’లో (ప్రొజెక్టరును విడి తెరగా వాడే అమరికలో) ఉందా, స్లీప్, నోటిఫికేషన్లు ఆగాయా చూసుకోవాలి. అప్‌డేట్లు శుక్రవారమే అవగొట్టండి. హెచ్‌డీఎంఐ తీగ మామూలుది పది మీటర్లు దాటితే బొమ్మ వచ్చి పోతుంటుంది. అంతకన్నా దూరమైతే క్యాట్6 ఎక్స్‌టెండరు గానీ ఆప్టికల్ తీగ గానీ వేయించాలి.

ఫోన్ నుంచి నడిపే సౌకర్యం దీని అసలు బలం. ఫోనూ ల్యాప్‌టాపూ ఒకే వైఫైలో ఉంటే చాలు, ఇంటర్నెట్ అక్కర్లేదు. బ్రౌజర్‌లో ల్యాప్‌టాప్ ఐపీ అడ్రసు (నెట్‌వర్కులో దాని నంబరు), పక్కన కోలన్ పెట్టి 4316 పోర్టు కొడితే స్లయిడ్లు చేతిలోకి వస్తాయి. అదే అడ్రసు చివర /stage అని చేర్చి ఒక ట్యాబ్‌లో తెరిస్తే పాడేవాళ్లకు ప్రస్తుత చరణం, తర్వాతిది రెండూ కనబడతాయి. రౌటరు ఆగి వెలిగినప్పుడు ఐపీ మారిపోతుంది, కాబట్టి రౌటరులో దాన్ని మారకుండా కట్టేయాలి. పాస్‌వర్డు పెట్టకపోతే వైఫై తెలిసిన యూత్ పిల్లలు ప్రార్థన మధ్యలో స్లయిడు మార్చి చూస్తారు, చూడకుండా ఉండరు. ‘టీజీ 03 నంబరు బండి గేటుకు అడ్డంగా ఉంది’ అని మైకులో చెప్పకుండా అలర్టుగా తెర అంచున నడిపించడం చిన్న సౌకర్యమే గానీ ప్రసంగికులకు బాగా నచ్చుతుంది.

మూడు తెరలకు మూడు రకాల దృశ్యాలు కావాలనుకునే పెద్ద సంఘాలు దీనితో తృప్తిపడవు. అవి డబ్బు పెట్టి వేరేది కొనుక్కోవడమే మేలు. ఒక తెర, ఒక పాత ఐ3 ల్యాప్‌టాప్, వంతులవారీగా మారే నలుగురు మనుషులు ఉన్నచోట ఇది సరిపోతుంది. పాటలన్నీ songs.sqlite అన్న ఒక్క ఫైలులో ఉంటాయి. ‘టూల్స్’లో డేటా ఫోల్డరు తెరిచి నెలకోసారి దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, ఆ పెన్‌డ్రైవ్‌ను చర్చి బీరువాలో కాకుండా ఎవరింట్లోనైనా ఉంచండి.