సేఫ్టీ రేజరా, కార్ట్రిడ్జా, సెలూనా: రోజూ గడ్డం గీసుకోవాల్సినవాడికి ఏది మేలు?

మా బావమరిదికి ఈమధ్యే విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం వచ్చింది. చేరిన రెండో రోజే వాడికి తెలిసొచ్చిందేంటంటే, ప్రొడక్షన్‌లోకి అడుగుపెట్టాలంటే గడ్డం నున్నగా గీసుకునే వెళ్లాలి. అందం కోసం కాదు. రెస్పిరేటర్ మాస్కు అంచు చర్మానికి అతుక్కుని ఉండాలి, మధ్యలో వెంట్రుకలు అడ్డొస్తే ఆ సందులోంచి పౌడరో ఆవిరో లోపలికి వచ్చేస్తుంది, ట్రిమ్మర్‌ని జీరోలో పెట్టినా మొలకలు మిగులుతాయి కాబట్టి అదీ పనికిరాదు. నాలుగేళ్లుగా ట్రిమ్మర్ తప్ప ఇంకోటి మొహానికి ఆనించని కుర్రాడు, మూడు బ్లేడ్లు ప్లాస్టిక్ తలలో బిగించి వచ్చే కార్ట్రిడ్జ్ రేజర్ ఒకటి కొనుక్కుని బరబరా గీకేశాడు. వారం తిరిగేసరికి మెడంతా ఎర్రటి పొక్కులు. ఆదివారం భోజనానికి వచ్చి, "బావా, నువ్వు వాడే ఆ ఇనప రేజర్ కొనేస్తే ఇవి తగ్గిపోతాయా?" అని అడిగాడు.

తగ్గొచ్చు. కానీ రేజర్ ఒక్కదాని వల్ల మాత్రం తగ్గవు. నేనూ ఆరేళ్లుగా అదే ఫార్మా సిటీకి బస్సులో పోతున్నవాణ్ణే. మూడేళ్ల కిందట ఇదే పొక్కుల బాధతో ఆ ఇనప రేజర్‌కి, అంటే విడి బ్లేడు బిగించుకునే సేఫ్టీ రేజర్‌కి మారాను, మారిన మొదటి నెలలో కార్ట్రిడ్జ్ వాడిన అన్నేళ్లలో చూడనంత రక్తం చూశాను. కాబట్టి "కొనేయ్" అని ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను.

ముందు ఆ పొక్కుల సంగతి. 1971లో గిల్లెట్ కంపెనీది రెండు బ్లేడ్లతో ట్రాక్ టూ అనే రేజర్ వచ్చింది, 1998లో మూడు బ్లేడ్ల మాక్ త్రీ, 2006లో ఐదు బ్లేడ్ల ఫ్యూజన్. బ్లేడు మీద బ్లేడు పెట్టుకుంటూ పోవడానికి ఒక కారణం ఉంది: ముందు బ్లేడు వెంట్రుకను కాస్త పైకి లాగుతుంది, అది వెనక్కి జారేలోపు వెనక బ్లేడు ఇంకొంచెం కింద కోస్తుంది. నిమిరి చూసుకుంటే పసిపిల్లాడి బుగ్గలా ఉంటుంది. అయితే తెగిన కొన చర్మం లోపలికి వెళ్లిపోయి, మళ్లీ పెరిగేటప్పుడు బయటికి దారి దొరక్క లోపలే గుచ్చుకుంటుంది. బిరుసు వెంట్రుకలు, అందులోనూ వంకీలు తిరిగినవి అయితే మరీను. పైగా ఒక్క గీత గీసినా చర్మం మీద మూడు బ్లేడ్లు పోయినట్టే, అక్కడే రెండుసార్లు గీస్తే ఆరు.

సేఫ్టీ రేజర్‌తో గీసేటప్పుడు చర్మానికి తగిలేది ఒకటే పదును. వెంట్రుకను చర్మం మట్టానికి కోసి వదిలేస్తుంది. కింగ్ క్యాంప్ గిల్లెట్ దీనికి 1904లో పేటెంట్ తీసుకున్నాడు, ఆ రెండంచుల పల్చటి బ్లేడే ఈరోజుకీ పాన్ షాపులో దొరుకుతోంది, మందం మిల్లీమీటర్‌లో పదో వంతు. ఏ కంపెనీ బ్లేడైనా ఏ కంపెనీ రేజర్‌లోనైనా పడుతుంది. నాకు దీంట్లో అన్నిటికన్నా నచ్చింది ఇదే, హ్యాండిల్ కొన్న పాపానికి జీవితాంతం ఆ కంపెనీ కార్ట్రిడ్జే కొనక్కర్లేదు.

మరి కార్ట్రిడ్జ్ చెత్తదా అంటే, కాదు. దాని తల దవడ వంపుకి తగ్గట్టు తనే తిరుగుతుంది, కోణం గురించి మనం ఆలోచించాల్సిన పని లేదు, పొద్దున షిఫ్ట్ అంటే తెల్లవారుజామునే లేచి నిద్రకళ్లతో మూడు నిమిషాల్లో గీసుకుని బస్సుకి పరిగెత్తొచ్చు. వారానికి ఒకసారి గీసుకునేవాళ్లు, ఏ పొక్కులూ రానివాళ్లు సేఫ్టీ రేజర్ జోలికి పోకపోయినా నష్టమేమీ లేదు.

ఈ రెండింటికీ మధ్యలో ఇంకోటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఒంటి బ్లేడు కార్ట్రిడ్జ్. గిల్లెట్ వాళ్లు 2010లో గార్డ్ అని మనవాళ్ల కోసమే తెచ్చారు, అప్పుడు రేజర్ 15 రూపాయలు, విడి కార్ట్రిడ్జ్ 5 రూపాయలు. దాని వెనక కథ భలే ఉంటుంది. అంతకుముందు 2002లో వెక్టర్ అని ఒకటి తెచ్చినప్పుడు, దాన్ని అమెరికాలో చదువుకుంటున్న మన విద్యార్థుల చేత వాడించి చూసి, అంతా బాగుందనుకున్నారు. ఇక్కడికొస్తే జనం మగ్గుడు నీళ్లు పక్కన పెట్టుకుని, చిన్న అద్దం ముందు కింద కూర్చుని గీసుకుంటున్నారు. ధారగా పడే కుళాయి ఉంటే తప్ప ఆ రేజర్‌లో ఇరుక్కున్న వెంట్రుకలు వదిలేవి కావు. అందుకే గార్డ్‌ని మగ్గులో ముంచి ఆడిస్తే చాలు శుభ్రమయ్యేలా చేశారు. మా కాలనీలో కుళాయి వచ్చేది పొద్దున గంటసేపే, ఆ గంటా వంటింటికే సరిపోతుంది, నేనూ మగ్గుతోనే కానిచ్చేస్తాను కాబట్టి ఈ తేడా నాకు బాగా తెలుసు. సేఫ్టీ రేజర్ కూడా మగ్గులో రెండుసార్లు జాడిస్తే శుభ్రం. ఐదు బ్లేడ్లది మాత్రం నేలకేసి కొట్టాలనిపిస్తుంది.

ఇక సెలూన్. పొక్కులు రాకుండా గీయడం తెలిసినవాడు మనకన్నా మంగలే, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. అక్కయ్యపాలెంలో నేను వెళ్లే ఆయన కొత్త బ్లేడు తీసి, కాగితంతో సహా నిలువునా టక్కున విరిచి, సగం కత్తిలో బిగిస్తాడు. సేఫ్టీ రేజర్ మొదలుపెట్టిన కొత్తలో నా మెడ చూసి, "ఏటి బాబూ, ఈ గాట్లేటి? ఎదురు గీసేత్తన్నావేటి?" అన్నాడు. అప్పుడే తెలిసింది, నా మెడ మీద వెంట్రుకలు కిందికి కాదు, చెవి వైపుకి అడ్డంగా పెరుగుతాయని. ముప్పై రెండేళ్లు మోసిన మెడే, ఒక్కసారి కూడా చూసుకోలేదు. రెండు రోజులు గడ్డం వదిలేసి, వేళ్లతో నాలుగు వైపులా నిమరమన్నాడు. ఎటు నిమిరితే గరుగ్గా తగలదో అటు గీయాలి. ఈ ఒక్క మాటకే ఆయనకి డెబ్బై రూపాయలు ఇవ్వొచ్చు. కానీ రోజూ ఇవ్వలేం కదా. పైగా మంగళవారం ఆయన షాపు సెలవు. మంగళవారం, శుక్రవారం గడ్డం గీసుకోకూడదని మా అత్తగారు అంటూనే ఉంటారు గానీ, మా సేఫ్టీ ఆఫీసర్‌కి వారాలతో పనిలేదు.

డబ్బు లెక్క చూద్దాం, నెలకి 26 డ్యూటీలు అనుకుంటే. సెలూన్ 70 చొప్పున 1820. నేను వాడిన మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ ఒక్కోటి 130 పడేది, నెలకి మూడు, అంటే 390. ఇప్పుడు వాడే బ్లేడు మూడు రూపాయలు, నాలుగుసార్లు గడ్డం గీసుకున్నాక ఒకటి మార్చినా నెలకి ఏడు, మొత్తం 21 రూపాయలు. చూడ్డానికి భలే ఉంది కదా, కానీ ఇక్కడ నిజం ఒప్పుకోవాలి: ఈ పిచ్చి పట్టాక మూడు రేజర్లు, రెండు బ్రష్‌లు, లెక్కలేనన్ని క్రీములు కొన్నాను, మా ఆవిడ దగ్గర "ఆదా" అనే మాట ఎత్తడం మానేశాను.

అసలు విషయం ఇప్పుడు చెప్తాను. మన ఊళ్లో రేజర్ కన్నా ముందు ఆలోచించాల్సింది నీళ్ల గురించి. మేము మధురవాడ వైపు అద్దెకున్నప్పుడు అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లే వచ్చేవి. బ్రష్‌తో ఎంత తిప్పినా నురుగు నిలిచేది కాదు, మజ్జిగ తేటలా కారిపోయేది, తప్పంతా క్రీముదే అనుకుని మార్చుకుంటూ పోయాను. గట్టి నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నురుగు బదులు తెల్లటి తెట్టు కడతాయి. నురుగు నిలవకపోతే పదునుకీ చర్మానికీ మధ్య జారుడు ఉండదు, ఇక ఎంత ఖరీదు రేజరైనా గీకుతుంది తప్ప గీయదు. ఒకరోజు విసుగొచ్చి తాగడానికి పెట్టుకున్న ఆర్వో నీళ్లు అరగ్లాసు తీసుకుని తిప్పాను. అదే క్రీము, అదే బ్రష్, పెరుగులా చిక్కటి నురుగు! మీ బకెట్ అంచున తెల్లటి చారలు కడుతున్నాయంటే ముందు ఇది చేసి చూడండి, రేజర్ మార్చే అవసరమే రాకపోవచ్చు. కొత్తవాళ్లకి సబ్బు కన్నా ట్యూబ్ క్రీము నయం, గట్టి నీళ్లలో కాస్త మెరుగ్గా నురుగొస్తుంది. స్ప్రే డబ్బా ఫోమ్‌కి నీళ్లతో పేచీ లేదు గానీ, అది వెంట్రుకను నానబెట్టదు, పైన మేఘంలా కూర్చుంటుంది అంతే. స్నానం చేసి, మొహం రెండు మూడు నిమిషాలు తడిగా ఉంచి, అప్పుడు గీసుకుంటే సగం పని అయిపోయినట్టే. ఫ్యాన్ కింద గీసుకోండి, విశాఖ ఉక్కలో చెమటకి నురుగు కరిగిపోతుంది.

బ్రష్ సింథటిక్‌దే తీసుకోండి. పంది వెంట్రుకలది ముందుగా నానబెట్టాలి, వానాకాలంలో ఆరక వాసన కొడుతుంది.

సేఫ్టీ రేజర్ కొనాలనే నిర్ణయానికి వస్తే, ఏ రకం? పిడి తిప్పితే తలుపుల్లా తెరుచుకునే సీతాకోకచిలుక రకం చూడగానే ఆకట్టుకుంటుంది, బ్లేడు మార్చడం తేలిక. నేను మొదట కొన్నది అదే. మన ఉప్పుగాలికి, ఆ తెట్టుకి దాని లోపలి కీలు ఎనిమిది నెలల్లో బిగుసుకుపోయింది, వెనిగర్‌లో నానబెట్టినా లాభం లేకపోయింది. మూడు ముక్కలుగా విడిపోయేది, అంటే పైమూత, బ్లేడు కింద పలక, పిడి ఉండేది కొంటే, విప్పి కడిగి తుడిచి పెట్టుకోవచ్చు, చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. చవక రేజర్లు చాలావరకు జింకు మిశ్రమానికి క్రోమ్ పూత వేసినవే, పూత లేచిన చోట గుంటలు పడతాయి, కాబట్టి బాత్‌రూమ్‌లో వదిలేయకండి. దువ్వెన పళ్ల అంచు ఉన్నది మొదట వద్దు, సాదా అంచుదే మేలు. బ్లేడ్లలో ఫెదర్ పేరు అందరూ చెప్తారు, జపాన్‌ది, చాలా పదును, కొత్త చేతికి మాత్రం అది ప్రమాదమే. టోపాజ్, సెవెన్ ఓ క్లాక్, సూపర్‌మ్యాక్స్ లాంటివి ఒక్కో ప్యాకెట్ తెచ్చుకుని, ఒకే రకం బ్లేడు రెండు వారాలు వాడి చూశాకే ఇంకోదానికి వెళ్లండి. అన్నీ ఒకేసారి మారిస్తే తప్పు దేనిదో ఎప్పటికీ తెలియదు.

కార్ట్రిడ్జ్ నుంచి వచ్చినవాడి చెయ్యి మొదట చేసే తప్పు నొక్కడం. రేజర్ బరువే చాలు, చెయ్యి దాన్ని పడిపోకుండా పట్టుకుంటే సరిపోతుంది. పైమూతను బుగ్గకి ఆనించి, పిడిని చర్మానికి నిటారుగా ఉంచి, మెల్లగా కిందికి దించుతూ పోతే ఒకచోట వెంట్రుకలు తెగుతున్న చరచర శబ్దం వినిపిస్తుంది. చర్మానికీ బ్లేడుకీ మధ్య 30 డిగ్రీలు అంటారు గానీ, బాత్‌రూమ్‌లో కోణమాపకం ఎవడు పెట్టుకుంటాడు, చెవితో వినండి. అంగుళం అంగుళం చిన్న గీతలు. పొరపాటున కూడా రేజర్‌ని పక్కకి జరపొద్దు, అది గీత కాదు కోత. మొదటి రెండు వారాలు వెంట్రుకల వాలులోనే, ఒక్కసారే. కొంచెం గరుగ్గా మిగిలితే మిగలనివ్వండి, మాస్కుకి అది చాలదనిపిస్తే నురుగు మళ్లీ పట్టించి అడ్డంగా ఇంకోసారి. ఎదురు గీయడం మెడకి అసలు వద్దు, బుగ్గలకి చెయ్యి కుదిరాక చూసుకోవచ్చు.

అయ్యాక పటిక. పూర్ణా మార్కెట్‌లో దిష్టికి కట్టే పటిక అమ్మే కొట్లోనే నేను ఒక ముక్క తెచ్చుకున్నాను. తడిపి మొహానికి రుద్ది, ఒక నిమిషం ఆగి కడిగేయాలి. చిన్న గాట్ల రక్తం ఆపుతుంది, దానికన్నా ముఖ్యంగా, ఎక్కడ మండిందో అక్కడ నువ్వు నొక్కావన్నమాట. నా మెడ ఎడమవైపు నాలుగు నెలలు మండుతూనే ఉంది.

ఇదంతా విని మా వాడు, "మరి ఇప్పుడేం కొనమంటావు బావా?" అన్నాడు. ఏమీ కొనొద్దన్నాను. పొక్కులు మానేదాకా మూడు రోజులు ఆఫీస్ డ్యూటీ అడిగి తీసుకో, ఆ తర్వాత రెండు వారాలు ఒంటి బ్లేడు కార్ట్రిడ్జ్, ఆర్వో నీళ్లు, మెడ మీద వెంట్రుకల వాలులోనే, నొక్కకుండా. అప్పటికీ పొక్కులొస్తే, మూడు ముక్కల రేజర్ కొనుక్కో, కానీ దాంతో మొదటిసారి గీసుకునేది డ్యూటీ రోజు పొద్దున కాదు, వీక్లీ ఆఫ్ రోజు సాయంత్రం. పొద్దున్నే ఇరవై నిమిషాలు దొరకనివాడికి సేఫ్టీ రేజర్ నేను చెప్పను, చెప్తే మొదట తిట్టుకునేది నన్నే. వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు, ఆ ఇనప రేజర్ మీద మనసు పడ్డట్టున్నాడు.

ఇంకో రెండు. విమానంలో వెళ్తే బ్లేడ్లు చేతి సంచిలో ఒప్పుకోరు, చెక్‌-ఇన్ సామానులో వేయాల్సిందే, రైలుకైతే ఏ గొడవా లేదు. వాడిన బ్లేడ్లు మాత్రం చెత్తబుట్టలో వేయకండి, పొద్దున్నే జీవీఎంసీ (నగరపాలక సంస్థ) చెత్త బండి దగ్గర ఆ చెత్తని చేతులతో వేరుచేసేవాళ్లు ఉంటారు. నేను పాత పౌడర్ డబ్బాకి మూతలో సన్నటి చీలిక పెట్టి అందులో వేస్తున్నాను. మూడేళ్లయింది, ఇంకా సగం కూడా నిండలేదు.