తిరుపతిలో కీబోర్డ్ క్లాస్: పెద్ద కార్డ్స్‌ని రెండు చేతులకీ పంచడం నేర్పిస్తారు

ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క సందులో, మేడ మీద ఒక సార్ ఆదివారాలు నేర్పిస్తా ఉన్నారు. బేసిక్స్ వచ్చినోళ్ళకే, నైన్త్ థర్టీన్త్ కార్డ్స్‌ని రెండు చేతుల్లో ఎట్లా సర్దాలో అదే క్లాస్ మొత్తం. కార్డ్ అంటే కలిపి ఒకేసారి మోగించే నోట్లు, రూట్ అనే మొదటి నోటు నించి తొమ్మిదో, పదమూడో నోటు దాకా చేరే పెద్దవి ఈ నైన్త్, థర్టీన్త్. నాకు చాలా చాలా నచ్చింది.

మామూలుగా ఎడమ చేత్తో మూడు నోట్లు నొక్కి పట్టుకుని కుడి చేత్తో పాట వాయించేస్తాం కదా, జి థర్టీన్త్ అని కనపడితే ఇన్ని నోట్లకి వేళ్ళెక్కడివి అని గుండె జారుతుంది. సార్ మొదట చెప్పేదే అన్నీ వెయ్యక్కర్లేదని. ఫిఫ్త్ అంటే రూట్ నించి ఐదో నోటు తీసెయ్యొచ్చు, బేస్ గిటార్ ఉంటే రూట్ కూడా వాళ్ళకే వదిలెయ్యొచ్చు, థర్డ్ సెవెన్త్, అంటే మూడోది ఏడోది మాత్రం ఉండాల్సిందే, కార్డ్ రంగు తెలిసేది వాటితోనే.

డి మైనర్ నైన్త్‌కి ఎడమ చేతిలో డి-ఎఫ్ నోట్లు, కుడి చేతిలో సి-ఇ-ఎ. ఇప్పుడు జి థర్టీన్త్ కావాలంటే కుడి చేతిలో సి ఒక్కటి బి కి దిగితే చాలు, ఎడమ చేతిలో ఎఫ్ అక్కడే ఉంటుంది, డి బదులు కింద జి. అంతే! అక్కడ్నించి సి మేజర్ నైన్త్‌కి ఎడమ సి-ఇ, కుడి బి-డి-జి, వేళ్ళు ఎక్కడా ఎగరవు. అది చేతికొచ్చిన రోజు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి వినిపించినా.

అన్నమయ్య కీర్తనలకి వాయించేవాళ్ళకి ఇంకోటి. సి ని షడ్జమం అనుకుంటే సి సిక్స్ నైన్ అనే కార్డ్‌లో ఉండే సి, డి, ఇ, జి, ఎ ఐదూ మోహన రాగం స్వరాలే. ఎడమ చేత్తో సి-జి, కుడి చేత్తో ఇ-ఎ-డి పట్టుకుంటే ఒక్క అన్యస్వరం లేకుండా పాట వెనకాల నిండుగా పరుచుకుంటుంది, మేజర్ నైన్త్ వేస్తే మాత్రం బి, అంటే నిషాదం దూరుతుంది, రాగం పోతుంది. ఈ జాగ్రత్త చెప్పే కీబోర్డ్ సార్‌ని ఇక్కడే చూశా.

బాగా కింద స్వరాల్లో థర్డ్ వెయ్యకండి, మొద్దుగా మోగుతుంది అని పదేపదే ఆపి వినిపిస్తారు, అక్కడ ఫిఫ్తో సెవెన్తో వెయ్యమంటారు.

ఇబ్బంది ఏంటంటే 88 కీల పియానో ఒక్కటే, మిగతావి 61 కీలవి, వాటి మీద రెండు చేతులూ దూరంగా పరచడానికి చోటు చాలదు. కొంచెం ముందెళ్ళి పెద్దదాని దగ్గర కూర్చోండి. సస్టైన్ పెడల్ (వేలు తీసినా నోటు మోగుతా ఉండేట్టు కాలితో నొక్కేది) మీ సొంతది తీసుకెళ్ళండి, అక్కడ అందరికీ లేవు.